ఇల్లు మారిన పసివాడు - క్రైస్తవ గ్రంథాల వెలుగులో

ఉద్యోగం కొరకో, కూలి కొరకో ఒక కుటుంబం ఊరు విడిచి మరొక ఊరు చేరడం నేడు సర్వసాధారణమైనది. పెద్దలకు అది జీతానికీ, అద్దెకూ సంబంధించిన లెక్క. ఆ లెక్కలో పసివాని ప్రసక్తి ఉండదు. అతని ఇష్టాన్ని ఎవరూ అడుగరు; సామానుతో పాటు అతడూ లారీ ఎక్కుతాడు.

నాగపూర్ రహదారిపై మేడ్చల్, కరీంనగర్ రహదారిపై శామీర్‌పేట ఇట్టి కుటుంబాలకు నిలయాలైనవి. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజ్‌గిరి ప్రత్యేక జిల్లాగా ఏర్పడక పూర్వమే ఈ రాక మొదలైనది. తుర్కపల్లి పరిసరాలలో జీనోమ్ వ్యాలీ ఔషధ, టీకా పరిశ్రమలు, శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో ఆరంభమైన బిట్స్ ప్రాంగణం ఎందరినో రప్పించినవి. కోస్తా జిల్లాల నుండి శాస్త్రజ్ఞుడు వస్తాడు. ఒడిశా నుండి ఇటుకబట్టీ కూలీ వస్తాడు. ఇద్దరి బిడ్డలకూ కష్టం ఒకే విధమైనది కాదు గాని, ఇద్దరికీ కష్టమే.

నిన్నటి వరకు గోంగూర అన్న పిల్ల ఇక్కడ పుంటికూర అని వింటుంది. ఆమె చొక్కా అంగీ అవుతుంది. పెద్దలకిది వినోదం. కాని తరగతి ఒక్కసారి నవ్విన తరువాత, తన మాటే తప్పేమోనన్న శంక ఎనిమిదేళ్ళ పిల్లను మూగదానిని చేయగలదు. ఆ మౌనాన్ని చూచి ఇంటివారు "పిల్ల సర్దుకున్నది" అని సంతోషిస్తారు. ఇంతకంటె ప్రమాదకరమైన పొరపాటు లేదు.

మా గ్రంథాలలో హజ్రత్ ఈసాగా గౌరవింపబడే యేసు బాల్యమే ఒక వలసతో ఆరంభమైనదని మత్తయి సువార్త రెండవ అధ్యాయం చెబుతున్నది. హేరోదు చంపజూస్తున్నాడని తెలిసి యోసేపు రాత్రివేళ తల్లీబిడ్డలను తీసికొని ఐగుప్తుకు పోతాడు. హేరోదు మరణించిన తరువాత తిరిగి వస్తూ, యూదయను అతని కుమారుడు అర్కెలాయు ఏలుతున్నాడని విని భయపడి, గలిలయలోని నజరేతులో కాపురముంటాడు. యోసేపు భయాన్ని సువార్త దాచలేదు. నేటి తండ్రి మాత్రం ఎందుకు దాచాలి? "నాకూ ఈ ఊరు కొత్తే నాయనా, ఇద్దరం కలిసి తెలుసుకుందాం" అన్న తండ్రి వద్దనే బిడ్డ నోరు విప్పుతాడు.

బబులోనుకు చెరగొనిపోబడినవారు తమ పాటలు పాడలేక ఏడ్చిన సంగతి 137వ కీర్తనలో ఉన్నది. ఆ ఏడుపునకు ప్రార్థనల గ్రంథంలోనే చోటు దొరికినది. కనుక "దేవుడు చూపిన చోటు, ఏడవరాదు" అని బిడ్డ నోరు మూయించడం భక్తి కాదని నా అభిప్రాయం. ఆ చెరలోని వారికే యిర్మీయా ఒక లేఖ వ్రాసినాడు (29వ అధ్యాయం): ఇళ్ళు కట్టుకొని, తోటలు నాటుకొని, ఆ పట్టణ క్షేమం కొరకు ప్రార్థించుడని దాని భావం. "రెండేళ్ళలో మనవూరు పోతాంలే" అని రోజూ బిడ్డను ఊరడించే తల్లిదండ్రులు ఈ లేఖను చదువవలెను. పోయే ఊరిలో స్నేహితులెందుకని బిడ్డ అనుకుంటాడు.

యెహోషువ గ్రంథం నాలుగవ అధ్యాయంలో, యొర్దాను దాటిన జనం నది నడుమ నుండి పన్నెండు రాళ్ళు తెచ్చి నిలుపుతారు. ఇవి ఏమిటని ముందు ముందు పిల్లలు అడిగినప్పుడు కథ చెప్పడానికట! పాత ఇంటి నుండి బిడ్డ ఏరి తెచ్చుకొన్న గోలీల డబ్బా, చక్రం ఊడిన బండి అట్టి రాళ్ళే. లారీలో చోటు లేదని మనం మొదట పారవేసేవి అవే. కుటుంబ ప్రార్థన కూడా మొదటి రాత్రి నుండే, మూటల నడుమనైనా సరే, పాత వేళకే, పాత పాటతోనే జరుగవలెను.

ఇక బడి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టం 2009, ఆరు నుండి పదునాలుగేళ్ళ బిడ్డకు ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకు మారే హక్కు నిచ్చినది. ప్రధానోపాధ్యాయుడు టి.సి. వెంటనే ఇవ్వవలెను, టి.సి. ఆలస్యమైనదని కొత్త బడివారు చేర్చుకొనకుండుట కూడదు. ఇది బట్టీ కూలీలకు చెప్పేవారు తక్కువ. మన విద్యార్థులు ఆదివారం ఒక పూట వెచ్చించి చెప్పవచ్చును.

క్రీ.శ. 622లో మక్కా నుండి మదీనా చేరిన ముహాజిరులను ప్రవక్త (స) అన్సారులతో సోదరులుగా జతపరచినారు. ఉపాధ్యాయులు కాబోయే మన విద్యార్థులు తరగతిలోనూ ఇదే చేయవచ్చును. కొత్తబిడ్డ ప్రక్కన స్థానికుడైన ఒక బిడ్డను కూర్చుండబెట్టి, కుళాయి, మరుగుదొడ్డి, మధ్యాహ్న భోజనపు వరుస చూపించుమనవలెను. బడి విడిచినాక అమ్మ ఏ గేటు వద్ద నిలబడుతుందో ఆ ఉదయమే చెప్పి ఉంచవలెను.