కిరిప్ పట్టులో జన్యువుల పాత్ర ఎంత?

నికోబారీల సంప్రదాయ కుస్తీ కిరిప్. మల్లులిద్దరూ ఒకరి వీపును ఒకరు చేతులతో చుట్టి పట్టుకుంటారు. పోటీ ముగిసేదాకా పట్టు విడవరు. కాళ్లతోనే ఎదుటివారిని పడదోయాలి, వీపు నేలకు తాకితే ఓటమి.

ఇలాంటి మెరుపు కదలికలకు వేగంగా సంకోచించే కండర తంతువులు కీలకం. వాటిలోని ఆల్ఫా-ఆక్టినిన్-3 ప్రోటీన్ తయారీకి ఆధారం ఏసీటీఎన్3 జన్యువు. ఇందులో ఒక మార్పు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తే ఆ ప్రోటీన్ అసలు తయారవదు. ఇది జబ్బు కాదు. 2003 నాటి ఆస్ట్రేలియా అధ్యయనంలో సామాన్యుల్లో 18 శాతం ఇలాంటివారే. జూడో వీరులు కూడా ఉన్న స్ప్రింట్, పవర్ క్రీడాకారుల్లో మాత్రం వారు 6 శాతమే.

అలాగని ఒక్క జన్యువును చూసి పిల్లల్లో మల్లులను ఎంచలేం. బలం, ఓర్పు అనేక జన్యువులతో పాటు ఆహారం, సాధనపైనా ఆధారపడతాయి. ప్రతిభను గుర్తించడానికి జన్యు పరీక్షలు వాడరాదని 2015లో అంతర్జాతీయ నిపుణులు స్పష్టం చేశారు. పిల్లల సత్తా తేలేది బరిలోనే.