ముందే తెలిసిన కథకి ఎందుకు నవ్వుతాం?

పోయిన ఏడాది కాలేజీ ఫెస్ట్‌లో మన క్లబ్ తరఫున ఒక హాస్య స్కిట్ వేశాం. కథ చిన్నదే. హాస్టల్ కుర్రాడొకడు తనకి క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చిందని ఇంట్లో అబద్ధం చెప్తాడు. వాళ్ల నాన్న స్వీట్ డబ్బా పట్టుకుని చెప్పాపెట్టకుండా హాస్టల్‌కి దిగిపోతాడు. ఆయనకి నిజం తెలియకుండా ఉంచడానికి రూమ్మేట్లు నానా తంటాలు పడతారు.

"ఇదంతా ఎవడైనా ఊహించేస్తాడ్రా, చివర్లో ట్విస్ట్ ఉండాలి" అని రిహార్సల్స్‌లో అందరం పట్టుబట్టాం. అందుకని ఉద్యోగం రాలేదన్న సంగతిని ప్రేక్షకులకి కూడా ఆఖరి నిమిషం దాకా చెప్పలేదు. ట్విస్ట్ రాగానే హాల్లో "అరె" అన్నారు. కానీ అంతకుముందు పది నిమిషాల పైచిలుకు ఒక్క నవ్వు లేదు. రూమ్మేట్లు ఎందుకు కంగారుపడుతున్నారో జనానికి తెలిస్తే కదా నవ్వడానికి!

తర్వాత ఫేర్‌వెల్ రోజున అదే స్కిట్ మళ్లీ వేశాం. ఒకటే మార్పు. మొదటి సీన్లోనే వాడు ఫోన్ పెట్టేసి, "రాలేదురా... వచ్చిందని చెప్పేశా" అంటాడు. మిగతా డైలాగులన్నీ అవే, నటులూ వాళ్లే. నాన్న వేషం వేసినవాడు గుమ్మంలో నిలబడి స్వీట్ డబ్బా ఎత్తి చూపించగానే హాలంతా గొల్లుమంది.

అప్పటిదాకా మన సినిమా చర్చల్లో నేను ఎక్కువగా వాడిన మాట "ప్రెడిక్టబుల్". ఆ ఒక్క మాటతో ఎన్ని సినిమాలని కొట్టిపారేశానో. ఫేర్‌వెల్ రోజు తర్వాత ఆ మాటని కాస్త పరీక్షించి చూడాలనిపించింది. ఈ వ్యాసం ఆ పరీక్షే.

సున్నా బిట్ల క్లైమాక్స్

ముందు మనకి తెలిసిన లెక్కతోనే మొదలుపెడదాం. 1948లో క్లాడ్ షానన్ సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన పత్రం రాశాడు. దాని ప్రకారం ఒక సంఘటన జరిగే సంభావ్యత ఎంత ఎక్కువైతే, అది జరిగిందన్న వార్తలో సమాచారం అంత తక్కువ. సంభావ్యత 1 అయితే సమాచారం సున్నా. హీరో హీరోయిన్లకి పెళ్లవుతుందని పోస్టర్ చూసినప్పుడే తెలిసిపోయే కామెడీ సినిమాలో క్లైమాక్స్ విలువ, ఈ లెక్కన, సున్నా బిట్లు.

లెక్కలో తప్పేమీ లేదు. కాకపోతే మనం క్లైమాక్స్ ఒక్కటే చూడటానికి రెండున్నర గంటలు కూర్చోం కదా. ముగింపు తెలిసినంత మాత్రాన తర్వాతి క్షణం తెలిసినట్టు కాదు. విజయవాడ వెళ్లే బస్సు విజయవాడే వెళ్తుంది. దారిలో పక్క సీట్లో ఎవరు కూర్చుంటారో, ఏం మాట్లాడతారో టికెట్ మీద రాసి ఉండదు.

అందరికీ తెలిసిన పెళ్లి

తెలుగులో దీనికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ 1957లో కె.వి. రెడ్డి తీసిన 'మాయాబజార్'. శశిరేఖకి చివరికి అభిమన్యుడితోనే పెళ్లవుతుందని ఆనాటి ప్రేక్షకులకి టికెట్ కొనకముందే తెలుసు. ఈ కథ నాటకంగా అప్పటికే ఊరూరా తిరిగింది. 1936లోనే ఒకసారి తెలుగు సినిమాగా కూడా వచ్చింది. అయినా జనం విరగబడి చూశారు, ఇప్పటికీ చూస్తున్నారు.

అందులో నవ్వు ఎక్కడుందో గమనించండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారతాడు. ఆ సంగతి మనకి తెలుసు, పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడికి తెలియదు. సావిత్రి అమ్మాయిలా సిగ్గుపడుతూనే, మధ్యమధ్యలో ఎస్.వి. రంగారావు దర్పాన్ని ఒక చూపులోనో నడకలోనో బయటపెడుతుంది. రేలంగి పెళ్లిపీటల మీద కూర్చుని బెంబేలెత్తిపోతుంటే మన పొట్ట చెక్కలవుతుంది. ఇప్పుడొక్కసారి ఆ రహస్యాన్ని మన దగ్గర కూడా దాచారనుకోండి. చివర్లో "ఆమె శశిరేఖ కాదు, ఘటోత్కచుడు" అని చెప్తే ఆశ్చర్యపోతాం. కానీ అంతసేపు నవ్విన నవ్వులన్నీ పోతాయి. మేం మొదటిసారి వేసిన స్కిట్‌లో చేసిన పొరపాటు సరిగ్గా ఇదే.

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఫ్రాన్స్వా త్రుఫోతో మాట్లాడుతూ దాదాపు ఇదే విషయాన్ని థ్రిల్లర్ల గురించి చెప్పాడు. టేబుల్ కింద బాంబుందని చెప్పకుండా పేల్చేస్తే ప్రేక్షకుడికి దక్కేది కొన్ని సెకన్ల ఉలికిపాటు. ముందే చూపిస్తే, ఆ టేబుల్ దగ్గర నడిచే మామూలు కబుర్లు కూడా నిమిషాల తరబడి ఉత్కంఠగా ఉంటాయి. కామెడీలో బాంబు స్థానంలో అబద్ధం ఉంటుంది, అంతే తేడా.

తెలిసిన మనిషి, తెలియని మెట్టు

జంధ్యాల 1987లో తీసిన 'అహ నా పెళ్ళంట' పేరే 'మాయాబజార్' పాటలోంచి వచ్చింది. ఈ కథ కూడా మొదట్లోనే అర్థమైపోతుంది. పరమ పిసినారి లక్ష్మీపతిని ఒప్పించి రాజేంద్రప్రసాద్ ఆయన కూతుర్ని పెళ్లి చేసుకోవాలి, చేసుకుంటాడు. కోట శ్రీనివాసరావు వేసిన లక్ష్మీపతి ఎలాంటివాడో కూడా తెలిసిపోతుంది. తెలియనిదల్లా ఆ పిసినారితనం ఇంకెంత దూరం వెళ్తుందన్నదే. కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడని ఎవరు ఊహిస్తారు? మనిషి స్వభావం ఖాయం, చేసే పని మాత్రం ప్రతిసారీ ఒక మెట్టు పైకి.

మరి ఆ కోడి సీన్ కూడా తెలిసిపోయాక? మా ఇంట్లో టీవీలో వచ్చినప్పుడల్లా చూస్తాం. నాన్న ఆ సీన్ రాకముందే నవ్వడం మొదలుపెడతారు. ఆయన నవ్వు చూసి మాకు నవ్వొస్తుంది. తెలిసిన పాటని మళ్లీ విన్నప్పుడు "చరణం ఎలా ఉంటుందో నాకు ముందే తెలుసు" అని ఎవరమూ ఫిర్యాదు చేయం కదా. కోట ఆ అన్నాన్ని ఎంత గంభీరంగా తింటాడో, అది పాటలోని గమకం లాంటిది. తెలిసినా మళ్లీ కావాలనిపిస్తుంది.

2011లో జోనథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ అనే మనస్తత్వ పరిశోధకులు 12 చిన్న కథలతో ఒక ప్రయోగం చేశారు. ముగింపు ముందే తెలిసి చదివినవాళ్లకి సగటున ఆ కథలు ఇంకొంచెం ఎక్కువ నచ్చాయట. అయితే తర్వాత జరిగిన కొన్ని ప్రయోగాల్లో దీనికి వ్యతిరేకమైన ఫలితాలూ వచ్చాయి. పైగా అది చదివే కథల సంగతి. కాబట్టి దీన్ని తీర్పుగా తీసుకోలేం. ముగింపు తెలిస్తే ఆనందం పోవాల్సిందేనన్న నమ్మకం మాత్రం అంత గట్టిది కాదని తెలుస్తోంది.

మరి బోర్ ఎందుకు కొడుతుంది?

ఇలా అని ప్రతి పాత చింతకాయ పచ్చడినీ మెచ్చుకోవాలని కాదు. శ్రీను వైట్ల 'ఢీ' (2007), 'రెడీ' (2008), 'దూకుడు' (2011) సినిమాల్లో ఒకే రకం ఆట ఉంటుంది. హీరో ఏదో ఒక నాటకం ఆడుతూ ఉంటాడు, మధ్యలో బ్రహ్మానందం ఇరుక్కుంటాడు. తెలిసినా నవ్వాం. 'ఆగడు' (2014) దగ్గరికి వచ్చేసరికి చాలామందికి నవ్వు రాలేదు. పద్ధతి తెలిసిపోవడమే కారణమైతే 'దూకుడు' దగ్గరే ఆగిపోవాల్సింది.

నాకు కనిపించే తేడా ఒకటుంది. 'దూకుడు'లో కోమా నుంచి లేచిన తండ్రికి షాక్ తగలకూడదు. అందుకే కొడుకు ఎమ్మెల్యేనని నటిస్తాడు. అబద్ధం బయటపడితే పోయేది తండ్రి ప్రాణం. దాని బరువు ప్రతి జోకు కిందా ఉంటుంది. ఆ బరువు తీసేసి నాటకాన్ని మాత్రమే మళ్లీ ఆడితే మిగిలేది ఖాళీ డబ్బా.

అందుకే ఇప్పుడు "ప్రెడిక్టబుల్" అనే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. నాకు ముందే తెలిసింది ముగింపా, లేక తర్వాతి డైలాగ్ కూడానా? నాకు తెలిసి పాత్రకి తెలియని సంగతితో రచయిత ఏమైనా చేశాడా? ఆ పాత్ర పోగొట్టుకునేది ఏమైనా ఉందా? మూడింటికీ నిరాశే ఎదురైతే అది నిజంగానే బోర్ సినిమా. కథ తెలిసిపోవడం దాని జబ్బు కాదు, బయటికి కనిపించే జ్వరం మాత్రమే.

చివరగా మళ్లీ మా స్కిట్. ఆఖర్లో నాన్న స్వీట్ డబ్బా మంచం మీద పెట్టి, "ఫోన్లో నీ గొంతు విన్నప్పుడే తెలిసిందిరా. తిను" అంటాడు. ఆ మాట వస్తుందని ఫేర్‌వెల్ రోజు హాల్లో సగంమంది ముందే పసిగట్టి ఉంటారు. ఆ ఏడాది ప్లేస్‌మెంట్లు అంతంతమాత్రం. అలాంటి ఫోన్ కాల్ ఇంటికి చేసినవాళ్లు, చేయాలని ఆలోచించినవాళ్లు ఆ కుర్చీల్లోనే ఉన్నారు. అప్పటిదాకా నవ్విన హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. తర్వాత చాలాసేపు చప్పట్లు కొట్టారు.