కోర్లు పెరిగితే వేగం పెరుగుతుందా?

విదేశాలలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో, కంప్యూటరు మీద ఆటలాడే పిల్లలున్న చోట, ఏటా ఒక్కసారైనా వినిపించే కోరిక ఒకటి ఉంది: "ఈ ప్రాసెసరు పాతబడింది, ఇంకా ఎక్కువ కోర్లున్నది కొందాం." తల్లిదండ్రులకు ఇది విలాసంగా తోస్తుంది. పిల్లలకు ఇది అత్యవసరం. ఒకరు ధర చూసి వద్దంటారు, మరొకరు అట్టపెట్టె మీది అంకె చూసి కావాలంటారు. ఈ వాదంలో ఆధారం చూపేవారు ఇరుపక్షాలలోనూ అరుదు. వేసవి సెలవులలో పనిచేసి కుర్రవాడు కూడబెట్టుకొన్న నాలుగైదు వందల డాలర్లు ఈ మాటల మధ్య ఖర్చయిపోవచ్చు, ఆట మాత్రం మునుపటి వలెనే నడవవచ్చు. ఖర్చుకు ముందే ఫలితాన్ని అంచనా వేసే మార్గం ఉన్నది. అది ఒక సాయంకాలంలో, ఇంట్లోనే, ఏమీ కొనకుండా చేయదగిన పరీక్ష. దాని వెనుకనున్న సూత్రాన్నీ, చేసే విధానాన్నీ వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కోర్లు ఎందుకు పుట్టాయి?

ప్రాసెసరులో ఆదేశాలను స్వీకరించి గణన చేసే స్వతంత్ర విభాగాన్ని కోర్ అంటారు. చాలాకాలం గృహ కంప్యూటర్ల ప్రాసెసరులో ఒకే కోర్ ఉండేది. దాని గడియార వేగాన్ని పెంచుతూ పోవడమే ప్రగతి. 1974లో ఐబిఎం సంస్థకు చెందిన రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు ఒక ముఖ్యమైన విషయం చూపారు. ట్రాన్సిస్టరు పరిమాణంతో పాటు వోల్టేజిని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తే, అంతే విస్తీర్ణంలో పుట్టే వేడి పెరగకుండానే వేగం పెంచవచ్చు. సుమారు మూడు దశాబ్దాల పాటు పరిశ్రమ ఈ బాటనే నడిచింది. 2004 చివరకు ఇంటెల్ వారి పెంటియం 4 గడియార వేగం 3.8 గిగాహెర్ట్జ్‌కు చేరింది.

అక్కడ దారి మూసుకుపోయింది. ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్నా వోల్టేజిని అంతగా తగ్గించడం సాధ్యపడలేదు. లోపల కారిపోయే విద్యుత్తు పెరిగింది, వేడి భరించరానిదయింది. అందుచేత ఒక్క కోర్‌ను ఇంకా వేగంగా పరుగెత్తించడానికి బదులు, ఒకే చిప్పులో రెండు కోర్లు అమర్చి, 2005లో ఇంటెల్, ఏఎండీ సంస్థలు గృహ వినియోగానికి విడుదల చేశాయి. తరువాత అవి నాలుగు, ఆరు, ఎనిమిది, పదహారు అయ్యాయి. కోర్లు పెరగడానికి మూలకారణం వేడి. ఆటలు రాసేవారు అడిగి తెచ్చుకొన్న వరం కాదది. ఈ సంగతి గుర్తుంచుకొంటే అట్టపెట్టె మీది అంకెను కొంత నిదానంగా చదువగలుగుతాము.

ఆమ్‌డాల్ సూత్రం

ఉగాది విందుకు వంట జరుగుతున్నదనుకొందాం. కూరగాయలు తరగడానికి ఆరుగురున్నచోట పన్నెండుగురుంటే ఆ పని సగం సమయంలో ముగుస్తుంది. కాని పులిహోరకు అన్నం ఉడకాలి, ఉడికినది ఆరాలి, ఆ తరువాతనే పులుసు కలపాలి. ఇక్కడ ఎందరు నిలబడినా ఒకరి పనే జరుగుతుంది. వంట మొత్తం ఎప్పటికి ముగుస్తుందనేది ఈ పంచుకోలేని పనుల మీద ఆధారపడి ఉంటుంది.

ఐబిఎం సిస్టమ్ 360 కంప్యూటర్ల నిర్మాణశిల్పులలో ప్రముఖుడైన జీన్ ఆమ్‌డాల్ 1967లో ఈ వాదాన్నే కంప్యూటర్లకు అన్వయించాడు. ఒక కోర్ మీద 100 నిమిషాలు పట్టే పనిలో 60 నిమిషాల భాగం పంచుకోదగినది, 40 నిమిషాల భాగం పంచుకోరానిది అనుకొందాం. ఆరు కోర్ల మీద పంచుకోదగిన భాగం 10 నిమిషాలకు తగ్గుతుంది, మొత్తం 50 నిమిషాలు. పన్నెండు కోర్ల మీద అది 5 నిమిషాలు, మొత్తం 45. పదహారు కోర్లకు మొత్తం 43.75. కోర్ల సంఖ్య లక్షకు పెరిగినా 40 నిమిషాల కంటె తగ్గదు. ఆరు కోర్లను పన్నెండు చేస్తే తగ్గిన కాలం పదవవంతు మాత్రమే. సెకనుకు 60 చిత్రాలు చూపే ఆట అప్పుడు 67 చిత్రాలు చూపుతుంది. రెట్టింపు కోర్లు కొన్నవారు ఆశించేది ఇది కాదు గదా!

పంచుకోదగిన భాగం 95 వంతులున్న పనిలో లెక్క వేరు. ఆరు కోర్ల మీద సుమారు 21 నిమిషాలు పట్టేది పన్నెండింటి మీద 13కు దిగుతుంది. అందుచేత "ఎన్ని కోర్లు?" అనే ప్రశ్నకు ముందు "ఏ పని?" అనే ప్రశ్న వేసుకోవాలి.

ఆటలో ఒక చిత్రం

తెరమీద కదలిక నిజానికి నిశ్చల చిత్రాల పరంపర. సెకనుకు 60 చిత్రాలు కావాలంటే ఒక్కొక్క దానికి 16.7 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది. 144 చిత్రాలు కావాలంటే 6.9 మిల్లీసెకన్లే. ఆ కొద్ది కాలంలో రెండు అంగాలు పనిచేయాలి. పాత్రలు ఎక్కడున్నవి, బంతి ఎటు పోయింది, శత్రువు ఏమి చేయబోతున్నాడు అన్నవి ప్రాసెసరు లెక్కిస్తుంది. ఏయే వస్తువులు గీయవలెనో జాబితా తయారుచేసి గ్రాఫిక్స్ కార్డుకు అందిస్తుంది. ఆ జాబితా ప్రకారం లక్షలాది పిక్సెళ్లకు రంగులు వేయడం గ్రాఫిక్స్ కార్డు వంతు. ఇది ఒక చిత్రం గీస్తుండగానే ప్రాసెసరు తరువాతి చిత్రానికి సిద్ధమవుతుంది. రెండింటిలో ఏది నెమ్మదో దాని వేగమే ఆట వేగం.

ప్రాసెసరు చేసే పనిలోనూ పంచుకోరానిది చాలా ఉంటుంది. బంతి గోడను తాకిందో లేదో తేలనిదే అది ఎటు తిరుగుతుందో చెప్పలేము. ఒక లెక్క ఫలితం మీద మరొకటి ఆధారపడినప్పుడు రెండవ కోర్ వేచి ఉండడం తప్ప చేయగలిగింది లేదు.

రసాయనశాస్త్రం చదివినవారికి ఇది పరిచితమైన విషయమే. నైట్రోజన్ డయాక్సైడు, కార్బన్ మోనాక్సైడు వాయువుల మధ్య చర్య తక్కువ ఉష్ణోగ్రతల వద్ద రెండు దశలలో జరుగుతుంది. మొదటి దశ నెమ్మది, రెండవది వేగం. కార్బన్ మోనాక్సైడు రెండవ దశలో మాత్రమే పాల్గొంటుంది. అందుచేత దాని గాఢతను రెట్టింపు చేసినా చర్యావేగం మారదు. ఎక్కువ పోస్తే ఎక్కువ వేగం అన్న సహజమైన ఊహ అక్కడ విఫలమవుతుంది. ఆటల విషయంలోనూ ముందు కనిపెట్టవలసినది ఆ నెమ్మది దశనే.

ఇంట్లో చేయదగిన పరీక్షలు

ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చాలి, మిగిలినవన్నీ యథాతథంగా ఉంచాలి. ప్రయోగశాల నియమం ఇక్కడా వర్తిస్తుంది. చిత్రాల సంఖ్యకు పరిమితి విధించే అమరికలేవైనా ఉంటే ముందుగా వాటిని తొలగించాలి. ఆటలో ఒకే దృశ్యాన్ని, ఒకే దారిలో మూడుసార్లు ఆడి సెకనుకు ఎన్ని చిత్రాలు వచ్చాయో కాగితం మీద రాసుకోవాలి.

మొదటి పరీక్షలో తెర రిజల్యూషన్‌ను మాత్రమే తగ్గించాలి. 2560 x 1440 నుండి 1280 x 720కు దిగితే పిక్సెళ్ల సంఖ్య సరిగ్గా నాలుగవ వంతవుతుంది. గ్రాఫిక్స్ కార్డు భారం బాగా తగ్గుతుంది, ప్రాసెసరు భారం దాదాపు మారదు. చిత్రాల సంఖ్య గణనీయంగా పెరిగితే నెమ్మది దశ గ్రాఫిక్స్ కార్డుదే. అప్పుడు ప్రాసెసరు కొనడం కార్బన్ మోనాక్సైడు పోసినట్లే. సంఖ్య పెద్దగా పెరగకపోతే అడ్డు ప్రాసెసరు వైపున ఉన్నదని గ్రహించాలి.

రెండవ పరీక్ష ఇంతకంటె ఆసక్తికరమైనది. ప్రాసెసరు అడ్డుపడుతున్నదని తేలినంత మాత్రాన కోర్లు చాలడంలేదని తేలినట్లు కాదు. విండోస్‌లోని టాస్క్ మేనేజరు ద్వారా ఆటను కొన్ని కోర్లకే పరిమితం చేయవచ్చు. ఆరు కోర్లున్న యంత్రంలో ఆటను నాలుగింటికి కుదించి తిరిగి ఆడాలి. రెండు కోర్లు తీసివేసినా వేగం తగ్గకపోతే, మరో రెండు చేర్చినందువల్ల పెరుగుతుందని ఆశించడానికి ఆధారం లేదు. తగ్గితే, అప్పుడు కోర్ల కొరత నిజమేనని చెప్పవచ్చు. మోసాలను అరికట్టే ఏర్పాట్లున్న కొన్ని ఆటలు ఈ మార్పును అనుమతించవు. అటువంటప్పుడు మరొక ఆటతో ప్రయత్నించాలి.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. టాస్క్ మేనేజరు ప్రాసెసరు వినియోగం 30 శాతమని చూపగానే, ప్రాసెసరుకు తీరిక చాలా ఉన్నదని భావిస్తారు. ఆరు కోర్ల ప్రాసెసరు సాధారణంగా పన్నెండు పనివరుసలను చూపుతుంది. వాటిలో ఒక్కటి పూర్తిగా అలసిపోయినా మొత్తం లెక్కలో అది 8 శాతమే. ఒక్కొక్క వరుసను విడివిడిగా చూడనిదే నిజం తెలియదు.

ఒక ఉదాహరణ

2019 జులైలో 199 డాలర్లకు విడుదలైన ఏఎండీ రైజెన్ 5 3600 ఎందరో విద్యార్థుల యంత్రాలలో చేరింది. దానికి ఆరు కోర్లు. అదే మదర్‌బోర్డులో, బయోస్‌ను నవీకరించిన తరువాత, పెద్ద ప్రాసెసర్లు కూడా ఇముడుతాయి. 2020 నవంబరులో వచ్చిన 5950ఎక్స్‌కు పదహారు కోర్లు, విడుదల ధర 799 డాలర్లు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డీకి ఎనిమిదే కోర్లు, విడుదల ధర 449 డాలర్లు. దాని గరిష్ఠ గడియార వేగం కూడా తక్కువే: 4.9కి బదులు 4.5 గిగాహెర్ట్జ్. అయినా అధిక సంఖ్యాకమైన ఆటలలో ఎనిమిది కోర్లదే పైచేయి అయింది.

కారణం క్యాష్ అనే సమీప జ్ఞాపకశక్తి. పోపుల పెట్టె పొయ్యి పక్కనుంటే వంట సాగిపోతుంది. ప్రతి ఆవగింజకూ గరాజులోని అరల దాకా వెళ్లిరావలసి వస్తే ఎంత చురుకైన చేయి అయినా ఖాళీగా నిలబడవలసిందే. ప్రధాన మెమరీ నుండి ఒక అంశం తెచ్చుకోవడానికి ప్రాసెసరు వందల గడియార స్పందనలు వేచి ఉండాలి. 5800ఎక్స్3డీలో ఎనిమిది కోర్లకూ ఉమ్మడిగా 96 మెగాబైట్ల మూడవ అంచె క్యాష్ ఉంది. 5950ఎక్స్‌లోని 64 మెగాబైట్లు రెండు భాగాలుగా చీలి, ఎనిమిదేసి కోర్లకు 32 చొప్పున ఉన్నాయి. ఆటలకు పనికివచ్చినది అదనపు చేతులు కాదు, పెద్ద పోపుల పెట్టె.

అయితే ఎన్ని కోర్లు చాలు? 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ యంత్రాలు రెండింటిలోనూ ఎనిమిదేసి కోర్లున్నాయి. పెద్ద ఆటలను రాసేవారు వాటిని దృష్టిలో ఉంచుకొంటారు. కనుక నాలుగు కోర్ల పాత ప్రాసెసరు కొత్త ఆటలలో తడబడితే ఆశ్చర్యం లేదు, అక్కడ మార్పు సమంజసమే. ఆరు నుండి ఎనిమిదికి మారే విషయం పరీక్ష మీద ఆధారపడుతుంది. ఆటల కోసమే ఎనిమిది దాటడానికి కారణాలు అరుదు.

మరో పక్షం

ఆమ్‌డాల్ వాదానికి 1988లో జాన్ గస్టాఫ్‌సన్ ఒక ముఖ్యమైన సవరణ చూపాడు. కోర్లు పెరిగినప్పుడు మనుషులు అదే పనిని త్వరగా ముగించి ఊరుకోరు, ఇంకా పెద్ద పని తలకెత్తుకొంటారు. పెద్ద పనిలో పంచుకోదగిన భాగమూ పెద్దదే. వీడియోలు కూర్చడం, త్రిమితీయ దృశ్యాలు చిత్రించడం, అణువుల కదలికలను అనుకరించడం ఈ కోవకు చెందినవి. కుమార్తె యానిమేషన్ నేర్చుకొంటున్నా, కుమారుడు ఆడుతూనే వీడియో ప్రసారం చేస్తున్నా, పన్నెండు కోర్లు వృథా కాకపోవచ్చు. అటువంటివారు ఆటతో పాటు ఆ పనినీ గడియారం పెట్టి కొలవాలి.

ఖర్చు లెక్కలో ప్రాసెసరు ధర ఒక్కటే చేర్చితే చాలదు. 3600కు కేటాయించిన ఉష్ణ పరిమితి 65 వాట్లు, 5800ఎక్స్3డీకి 105 వాట్లు. పైగా ఈ రెండవదాని పెట్టెలో చల్లబరచే పంఖా రాదు. అది విడిగా కొనాలి. కొత్త తరం ప్రాసెసరుకు మారదలచితే మదర్‌బోర్డు, మెమరీ కూడా మార్చవలసి రావచ్చు.

నిర్ణయం

పరీక్షల ఫలితం మూడు విధాలుగా ఉండవచ్చు. రిజల్యూషన్ తగ్గించగానే వేగం పెరిగితే ప్రాసెసరు జోలికి పోనక్కరలేదు. అది పెరగక, కోర్లు తగ్గించినా మార్పు లేకపోతే కావలసినది మరింత చురుకైన కోర్, పెద్ద క్యాష్. కోర్లు తగ్గించినప్పుడు వేగం పడిపోతేనే ఎక్కువ కోర్లకు అర్థం ఉంది.

ఈ కొలతలను పిల్లలే చేసి, పట్టిక రాసి, తల్లిదండ్రుల ముందు పెట్టడం మంచిది. కావాలన్న కోరికకు రుజువు చూపవలసిన బాధ్యత కోరినవారిది. ఆ రుజువును ఓపికగా చదవవలసిన బాధ్యత పెద్దలది. పట్టిక కొనమని చెబితే తండ్రి తన "వద్దు"ను మార్చుకోవాలి. వద్దని చెబితే కుర్రవాడు తన సొమ్మును మరొక అవసరానికి దాచుకోవాలి. పాఠశాలలో భౌతికశాస్త్రం చదివే పిల్లవానికి తన సొంత డబ్బుతో ముడిపడిన ఇంతటి ప్రయోగం తరచుగా దొరకదు.