నేలలో భాస్వరమున్నను పైరుకు అందునా?

"ఏటేటా డి.ఏ.పి. వేయుచునే ఉన్నాము. అయినను పరీక్షలో భాస్వరము తక్కువ అని వచ్చినది. వేసినదంతయు ఏమైనది?" అని కొందరు రైతు సోదరులు అడుగుదురు. మరికొందరికి ఎక్కువ అని వచ్చును; వారును అలవాటు చొప్పున బస్తాలు కొనుచునే ఉందురు. ఇరువురును తెలిసికొనవలసిన విషయము ఒక్కటే. నేలలో భాస్వరము ఎంత ఉన్నదను దానికంటె, ఏ రూపములో ఉన్నదనునది ముఖ్యము.

ఒక లెక్క చూడుడు. హెక్టారు పొలములో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 20 లక్షల కిలోలు తూగును. అందులో భాస్వరము నూటికి 0.05 వంతు ఉన్నదనుకొన్నను 1,000 కిలోలగును. 5 టన్నుల ధాన్యమిచ్చు వరి పైరు తీసికొనునది సుమారు 15 కిలోలే. అయినను ఆ నేలలోనే పైరు భాస్వరము చాలక గిడసబారవచ్చును.

రైతుకు చేతిలో రొక్కము, గాదెలో ధాన్యము, ఊరిబయట భూమి ఉండును. అన్నియు ఆస్తియే. కాని నేటి కూలి ఇచ్చుటకు రొక్కమే పనికివచ్చును. నేలలోని భాస్వరమును అట్టిదే. నీటిలో కరిగియున్నది మిక్కిలి స్వల్పము. ఆమ్ల గుణముగల ఎర్రనేలలలో అధిక భాగము ఇనుము, అల్యూమినియములతోను, సున్నపుపాలుగల నల్లరేగళ్లలో కాల్షియముతోను బంధింపబడియుండును. కొంత సేంద్రియ పదార్థములో ఉండును.

ఈ రూపములను వేరుచేయుట ఎట్లు? 1957లో చాంగ్, జాక్సన్ అను శాస్త్రజ్ఞులు ఒక పద్ధతి చూపిరి. ఒకే మట్టి నమూనాను వరుసగా వేరువేరు ద్రావణములతో కడుగుదురు. మొదట అమ్మోనియం క్లోరైడు వదులుగా అంటియున్న దానిని తీయును. తరువాత అమ్మోనియం ఫ్లోరైడు అల్యూమినియముతో కలిసిన దానిని, సోడియం హైడ్రాక్సైడు ఇనుముతో కలిసిన దానిని, చివరకు గంధకామ్లము కాల్షియముతో కలిసిన దానిని తీయును.

ప్రతి రైతు నమూనాకు ఇంత పని చేయుట సాధ్యము కాదు. కావున పైరుకు అందదగిన భాగమును మాత్రము అంచనా కట్టు సులభ పద్ధతులు వాడుకలో ఉన్నవి. తటస్థ, క్షార నేలలకు 1954 నాటి ఓల్సెన్ పద్ధతి తగినది. 2.5 గ్రాముల మట్టిని 50 మిల్లీలీటర్ల సోడియం బైకార్బొనేటు ద్రావణములో అరగంట కుదిపి వడపోయుదురు. ఆ తేటకు అమ్మోనియం మాలిబ్డేటు మొదలగునవి చేర్చగా నీలిరంగు వచ్చును. రంగు ఎంత చిక్కనైన అంత భాస్వరమున్నట్లు. ఆమ్ల నేలలకు 1945 నాటి బ్రే పద్ధతి తగినది. ఒక పద్ధతిలో వచ్చిన అంకెను రెండవదాని హద్దులతో పోల్చరాదు.

ఓల్సెన్ పద్ధతిలో హెక్టారుకు భాస్వరము 10 కిలోలలోపు తక్కువ, 10 నుండి 25 మధ్యమము, 25కు మించిన ఎక్కువ. కార్డులో అంకె భాస్వరముగా ఇచ్చిరా, భాస్వర పెంటాక్సైడుగా ఇచ్చిరా అని గ్రామాధికారులు తప్పక చూడవలెను. రెండవ విధమున ఈ హద్దులే సుమారు 23, 57 అగును. ఈ తేడా గమనింపనిచో తక్కువగా ఉన్న నేలను మధ్యమమని పొరబడుదుము. ఎరువు చాలక పంట తగ్గును. 50 కిలోల డి.ఏ.పి. బస్తాలో పెంటాక్సైడు 23 కిలోలు. అనగా భాస్వరము సుమారు 10 కిలోలే.

మరియొక సంగతి. వరిమడిలో నీరు నిలిచినపుడు ఇనుముతో బంధింపబడిన భాస్వరము కొంత విడుదలయగును. మడి ఆరిన తరువాత వేయు పైరుకు ఆ సౌకర్యము తగ్గును. ఎరువు పంచుకొనునపుడు ఇది గుర్తుంచుకొనవలెను. పరీక్షలో ఎక్కువ అని వచ్చిన నేలకు ఇంకను భాస్వరము వేయుట డబ్బు దండుగ. పైగా వరిలో జింకు లోపము ముదురును.

పంట కోసిన పిదప, ఎరువు వేయక ముందు నమూనా తీయుడు. గట్లు, చెట్లనీడ, పెంటకుప్పల తావులు విడిచి, 8-10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతువరకు మట్టి తీసి, కలిపి, నీడను ఆరబెట్టి, అరకిలో పంపుడు. కార్డు వచ్చిన తరువాత దానిని మీ వ్యవసాయాధికారికి చూపి మోతాదు తెలిసికొని, పిమ్మట బస్తా కొనుడు.