బొమ్మ పాతదైతే నాలుగు రాత్రులు వేస్ట్: ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఆర్కిటెక్చర్ డయాగ్రామ్ ఎలా గీయాలి?

ఇయర్‌బడ్స్‌లో పాటలు వింటూ బస్సులో వెళ్తున్నారు. మధ్యలో బడ్స్ ఛార్జింగ్ అయిపోయింది. ఏం జరగాలి? పాట ఆగిపోవాలి. నేను వాడే ఒక ఓపెన్ సోర్స్ మ్యూజిక్ ప్లేయర్‌లో మాత్రం ఆగేది కాదు, ఫోన్ స్పీకర్‌లో ఫుల్ వాల్యూమ్‌తో మోగేది. కూకట్‌పల్లి దగ్గర ఒకసారి బస్సంతా నా వైపు తిరిగి చూసింది. సోర్స్ కోడ్ అందరికీ ఉంది కదా, మనమే సరిచేద్దాం అని ఆ రాత్రే కూర్చున్నా.

సమస్య చిన్నదే. హెడ్‌సెట్ కనెక్షన్ పోగానే ఆండ్రాయిడ్ ‘ఆడియో బికమింగ్ నాయిజీ’ అనే సిగ్నల్ పంపిస్తుంది. ప్లేయర్ దాన్ని అందుకుని పాటను పాజ్ చేయాలి. పది లైన్ల పని. ఆ పది లైన్లు ఎక్కడ రాయాలన్నదే ప్రశ్న.

ప్రాజెక్ట్ వికీలో ఆర్కిటెక్చర్ డయాగ్రామ్ ఉంది, రంగురంగుల బాక్సులతో చాలా నీట్‌గా. స్క్రీన్ నుంచి ప్లేయర్ సర్వీస్‌కి, అక్కడి నుంచి ఆండ్రాయిడ్‌లో ఉండే మీడియాప్లేయర్‌కి బాణాలు. బొమ్మలో ఉన్న పేరుతోనే కోడ్‌లో ఒక ఫైల్ కూడా దొరికింది. అందులో రాశా. పని చేయలేదు. లాగ్స్ పెట్టా, ఒక్క లాగ్ కూడా రాలేదు. నాలుగు రాత్రులు నా ఫోన్‌ని, బ్లూటూత్‌ని, చివరికి పాపం ఇయర్‌బడ్స్‌ని అనుమానించా. విసుగొచ్చి ప్రాజెక్ట్ వాళ్లనే అడిగితే ఒక్క ముక్కలో జవాబు: ‘ఆ ఫైల్‌ని ఇప్పుడు ఎవరూ పిలవట్లేదు. మేం ఎక్సోప్లేయర్‌కి మారి ఏడాదిన్నర అయింది. తీసేయడం మర్చిపోయాం.’ బొమ్మ గీసినాయన ప్రాజెక్ట్ వదిలి వెళ్లిపోయాడు. వికీలో ఉన్నది ఉత్త పీఎన్‌జీ ఇమేజ్, మార్చడానికి ఒరిజినల్ ఫైల్ ఎవరి దగ్గరా లేదు.

డాక్యుమెంటేషన్ అస్సలు లేకపోయి ఉంటే మొదటి రాత్రే కోడ్‌లో వెతుక్కునేవాణ్ని. బొమ్మ ఉంది కాబట్టి నమ్మా. కోడ్‌ని అనుమానిస్తాం గానీ బొమ్మని ఎవరూ అనుమానించరు. బీటెక్‌లో ఆండ్రాయిడ్ మీద సెమినార్ ఇచ్చినప్పుడు నేను చేసిందీ ఇదే. నీలం రంగులో అప్లికేషన్లు, అడుగున ఎర్ర రంగులో లైనక్స్ కెర్నల్, మధ్యలో పసుపు బాక్సులో డాల్విక్ వర్చువల్ మెషీన్. మీరూ ఎక్కడో చూసే ఉంటారు. 2014లో ఆండ్రాయిడ్ 5.0 వచ్చినప్పుడే డాల్విక్ స్థానంలోకి ఏఆర్‌టీ వచ్చేసింది. 2017లో 8.0తో ప్రాజెక్ట్ ట్రెబుల్ వచ్చి, ఫోన్ కంపెనీల హార్డ్‌వేర్ కోడ్‌ని ఆండ్రాయిడ్ ఫ్రేమ్‌వర్క్ నుంచి వేరుచేసింది. అప్‌డేట్లు తేలిక కావాలనే ఆ మార్పు. ఆ పాత బొమ్మలో హార్డ్‌వేర్ అబ్‌స్ట్రాక్షన్ లేయరే లేదు. గూగుల్ కొత్త బొమ్మ పెట్టినా పాత ఇమేజ్ మాత్రం పీపీటీ నుంచి పీపీటీకి కాపీ అవుతూనే ఉంది.

సరే, మరి ఎలా గీయాలి? మ్యూజిక్ ప్లేయర్ వాళ్లు ‘కొత్త బొమ్మ నువ్వే గీయి’ అన్నారు. నేను అత్యుత్సాహంతో నలభై బాక్సులు గీశా, ప్రతి క్లాస్‌కీ ఒకటి. ‘ఇది ఎవరి కోసం?’ అని అడిగారు. కోపం వచ్చింది గానీ ప్రశ్న కరెక్టే.

రస్ట్-అనలైజర్ మొదలుపెట్టిన అలెక్స్ క్లాడోవ్ 2021లో దీని మీద ఒక మంచి వ్యాసం రాశాడు. కొత్త ప్రాజెక్టులో ప్యాచ్ రాయడానికి మామూలు కంటే రెండింతల టైమ్ పడితే, ఎక్కడ మార్చాలో కనిపెట్టడానికి పదింతలు పడుతుందని అతని అంచనా. నా నాలుగు రాత్రుల లెక్క చూస్తే తక్కువే చెప్పాడనిపించింది. అతని సలహా ఏంటంటే, రీడ్‌మీ పక్కనే ‘ఆర్కిటెక్చర్’ అనే చిన్న ఫైల్ పెట్టండి, తరచూ మారని విషయాలే అందులో రాయండి. ముఖ్యమైన ఫైళ్ల పేర్లు చెప్పండి, లింకులు వద్దు. లింకులు పాతబడి తెగిపోతాయి, పేరు తెలిస్తే సెర్చ్ చేసుకోవచ్చు. నాకు బాగా నచ్చింది ఇంకొకటి: కోడ్‌లో ‘లేని’ దాన్ని కూడా రాయమంటాడు. మా యాప్‌లో స్క్రీన్ ఎప్పుడూ ప్లేయర్‌ని నేరుగా ముట్టుకోదు. కోడ్ ఎంత చదివినా ఈ నియమం కనిపించదు, ఎందుకంటే లేని లైన్‌ని ఎవరూ చదవలేరు కదా.

సైమన్ బ్రౌన్ సీ4 మోడల్ అని ఇంకొకటుంది: కాంటెక్స్ట్, కంటైనర్, కాంపోనెంట్, కోడ్ అని నాలుగు స్థాయిలు. మ్యాప్‌ని జూమ్ చేసినట్టు అనుకోండి. చివరిదైన కోడ్ స్థాయి చాలా ప్రాజెక్టులకు అక్కర్లేదు. నా నలభై బాక్సులు ఆ స్థాయివే.

చివరికి ఆరు బాక్సులు మిగిలాయి. స్క్రీన్, మీడియా కంట్రోలర్, మీడియా సెషన్, ఎక్సోప్లేయర్, పాటల్ని వెతికే స్కానర్, డేటాబేస్. హెడ్‌సెట్ బటన్, లాక్‌స్క్రీన్ బటన్, స్క్రీన్ మీద మనం నొక్కే బటన్, అన్నీ మీడియా సెషన్ దగ్గరికే చేరతాయి. ప్రతి బాణం మీద ఒక క్రియాపదం రాశా: ‘ఆదేశం పంపుతుంది’, ‘చదువుతుంది’, ‘రాస్తుంది’. ఏమీ రాయని బాణాన్ని చూసినవాళ్లు తలా ఒక అర్థం చేసుకుంటారు.

ఇమేజ్ ఎడిటర్ జోలికి వెళ్లకుండా మెర్‌మెయిడ్‌లో గీశా. ఇందులో బొమ్మని టెక్స్ట్‌గా రాయాలి. మొదటి లైన్లో ఫ్లోచార్ట్ అని చెప్పి, కింద ఒక బాక్స్ పేరు, రెండు గీతలూ ఒక బాణం మొనా, ఇంకో బాక్స్ పేరు. గిట్‌హబ్ 2022 ఫిబ్రవరి నుంచి దీన్ని మార్క్‌డౌన్ ఫైల్‌లోనే బొమ్మగా చూపిస్తోంది. లేఅవుట్ మన చేతిలో పెద్దగా ఉండదు, ఒక్కోసారి బాణాలు నూడుల్స్‌లా చుట్టుకుంటాయి. అయినా సరే, కోడ్ మార్చే పుల్ రిక్వెస్ట్‌లోనే బొమ్మ కూడా మారుతుంది. ఏ లైన్ మారిందో రివ్యూ చేసేవాళ్లకు కనిపిస్తుంది. గీసినవాళ్లు వెళ్లిపోయినా ‘ఒరిజినల్ ఫైల్’ రిపోలోనే ఉంటుంది.

ఇక ఆ బగ్ సంగతి. కొత్త బొమ్మ గీశాక చూస్తే పది లైన్లు కూడా అవసరం పడలేదు. ఎక్సోప్లేయర్‌లో ఆ నాయిజీ సిగ్నల్‌ని చూసుకునే సెట్టింగ్ ముందే ఉంది, ఆన్ చేస్తే చాలు. ఒక్క లైన్ మార్చి, పాత ఫైల్ డిలీట్ చేసి పంపించా. మర్నాడు బస్సులో కావాలనే బడ్స్ తీసి కేస్‌లో పెట్టి చూశా. పాట ఆగింది.