హాల్డేన్ స్వీకరించిన దేశం

పుట్టిన గడ్డను విడిచి పరాయి దేశంలో స్థిరపడటం నేడు మనకు వింత కాదు. విద్య కోసమో, ఉద్యోగం కోసమో అమెరికాకు, ఇంగ్లండుకు తరలివెళ్లే వారు మన ఊళ్లలో వాడవాడకూ కనిపిస్తారు. అక్కడి ఆహారం, అక్కడి వస్త్రధారణ, అక్కడి ఋతువులు వారికి క్రమంగా అలవాటవుతాయి. కొన్ని నచ్చుతాయి, మరికొన్ని ఎన్నటికీ నచ్చవు. అయితే అందరూ పోయే దారికి ఎదురుగా నడిచి, లండన్ మహానగరాన్ని వదలి, అరవైనాలుగేళ్ల వయస్సులో కలకత్తా చేరి, ఇదే నా దేశమని స్థిరపడిన శాస్త్రవేత్త ఒకరున్నారు. ఆయన పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. శాస్త్రలోకంలో జె.బి.ఎస్. హాల్డేన్‌గా ప్రసిద్ధులు.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై విశేష పరిశోధనలు చేసిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. బాల్యం నుంచే తండ్రి ప్రయోగాలలో పాలుపంచుకొన్న హాల్డేన్ పెద్దయిన తరువాత తన దేహాన్నే ప్రయోగశాలగా చేసుకొన్నారు. శరీరంలో ఆమ్లతత్త్వం పెరిగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి తానే రసాయనాలు సేవించారు. అధిక పీడనం గల గదులలో కూర్చొని చెవిలోని కర్ణభేరిని చిల్లు పరచుకొన్నారు. డార్విన్ చెప్పిన ప్రకృతివరణాన్ని గణితభాషలో నిరూపించిన ముగ్గురు మహనీయులలో ఆయన ఒకరు. మలేరియా అధికంగా ఉన్న ప్రాంతాలలో ఒక విధమైన వంశపారంపర్య రక్తహీనత ఎందుకు నిలిచి ఉంటుందో 1949లో ఆయన సూచించిన కారణం నేటికీ పాఠ్యగ్రంథాలలో కనిపిస్తుంది. ఇంతటివాడికి విజ్ఞానశాస్త్రంలో పట్టా లేదు! ఆక్స్‌ఫర్డులో ఆయన చదివినవి గణితం, గ్రీకు లాటిన్ సాహిత్యాలు, తత్త్వశాస్త్రం.

మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాలో గాయపడిన హాల్డేన్‌ను విశ్రాంతి కోసం భారతదేశానికి పంపారు. ఈ దేశం ఆయనకు నచ్చింది. కాని ఏలేవాడికీ ఏలబడేవాడికీ మధ్య ఉన్న అడ్డుగోడ నచ్చలేదు. భారతీయులతో సమానుడిగా మెలగగలిగిన రోజుననే మళ్లీ ఇక్కడకు రావాలని ఆయన నిశ్చయించుకొన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1952లో కలకత్తాలో జరిగిన సైన్సు కాంగ్రెసుకు వచ్చారు. 1956లో బ్రిటన్, ఫ్రాన్సులు ఈజిప్టుపై దాడి చేసినప్పుడు, అటువంటి దురాగతానికి పాల్పడిన దేశంలో ఉండలేనని బహిరంగంగా ప్రకటించారు. ఆచార్య ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆహ్వానంపై 1957 జూలైలో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

ఆయన వచ్చింది కేవలం రాజకీయ నిరసనతోనే అనుకోవడం సరికాదు. ఇక్కడి ఎండ, ఇక్కడి చెట్టూ పిట్టా ఆయనను పిలిచాయి. భారతదేశంలో స్థిరపడటానికి గల కారణాలలో మేజోళ్లు తొడుక్కోవలసిన అగత్యం లేకపోవడం కూడ ఒకటని ఆయన చమత్కరించేవారట. అరవై సంవత్సరాలు మేజోళ్లలో గడిపింది చాలునని ఆయన అభిప్రాయం. హాస్యానికి అన్న మాటే అయినా ఇందులో ఆయన స్వభావం తెలుస్తుంది. సూటూ బూటూ విడిచి ధోవతి, కుర్తా ధరించారు. భారీ విగ్రహం, బట్టతల, గుబురు మీసాలు గల ఆ ఆంగ్లేయుడు ఖద్దరు వస్త్రాలతో కళాశాల వేదికలెక్కుతుంటే సూటు వేసుకొన్న మన ఆచార్యులు కొంత ఇబ్బంది పడి ఉంటారనిపిస్తుంది. శాకాహారాన్ని స్వీకరించారు. మన పురాణేతిహాసాలను శ్రద్ధగా చదివి, శాస్త్రవ్యాసాలలో సైతం వాటి ప్రస్తావన తెచ్చేవారు.

వేషం మార్చుకోవడం కష్టం కాదు. విహారయాత్రకు వచ్చిన వారు కూడ నాలుగు రోజులు ధోవతి కట్టి ఛాయాచిత్రాలు తీయించుకొంటారు. హాల్డేన్ ఇష్టాలు వేషంతో ఆగలేదు, ఆయన చేసే శాస్త్రం స్వరూపాన్నే మార్చివేశాయి. ప్రాణులను చంపకుండా జీవశాస్త్రం చేయవచ్చునా అన్న ప్రశ్న ఆయనకు ఇక్కడ ముఖ్యమైనది. పక్షులను హింసించకుండా శాస్త్రీయంగా అధ్యయనం చేసే మార్గాలను గురించి 1959లో ఆయన ప్రత్యేకంగా ఒక వ్యాసం వ్రాశారు. పిట్టను తుపాకీతో కొట్టి, గడ్డి కూరి, పేరు వ్రాసి అలమారలో పెట్టడం ఆనాటికి పక్షిశాస్త్రంలో మామూలు పద్ధతి. దానికి బదులు గూటి దగ్గర కూర్చొని, అది ఎన్నిసార్లు వచ్చింది, ఎంతసేపు పొదిగింది, ఎప్పుడు లేచింది అని లెక్క వ్రాసుకోవాలి. లెక్క తెలిసినవాడికి కన్నూ కాగితమూ కలమూ ఉంటే చాలునని ఆయన వాదం. అహింస ఆయనకు భక్తివిషయం కాదు, పరిశోధన పద్ధతి.

ఆయన శిష్యులు చేసిన పనులు చూస్తే ఈ మాట ఎంత నిజమో బోధపడుతుంది. సుబోధ్ కుమార్ రాయ్ అనే యువకుడు పారిజాత వృక్షం కింద కూర్చొని ఒక్కొక్క పూవుకు ఎన్ని రేకులున్నాయో లెక్కించాడు. మనం రోజూ తొక్కుకొంటూ పోయే పూలే అవి! ఒకే చెట్టున పూచిన పూలన్నిటికీ రేకులు ఒకే సంఖ్యలో ఉండవు. ఆ హెచ్చుతగ్గులకు ఒక క్రమం ఉందా అన్నది ప్రశ్న. అదే యువకుడు రెండు రకాల వరిని కలిపి పండిస్తే విడివిడిగా పండించినప్పటికంటె దిగుబడి పెరగడాన్ని గమనించాడు. టి.ఎ. డేవిస్ కొబ్బరి చెట్లను పరిశీలించారు. కొబ్బరి మట్టలు కాండం చుట్టూ సర్పిలాకారంలో వస్తాయి. కొన్ని చెట్లలో ఆ చుట్టు ఎడమకు, కొన్నిటిలో కుడికి తిరుగుతుంది. ఎడమకు తిరిగిన చెట్లు సగటున కొంచెం ఎక్కువ కాయలు కాస్తాయని ఆయన లెక్కలలో తేలింది. కోనసీమ రైతు ప్రతిదినం ఎక్కి దిగే చెట్టులో ఇంతటి విశేషం దాగి ఉంది. దీనిని కనుగొనడానికి లక్షల రూపాయల పరికరాలు అవసరం కాలేదు.

హెలెన్ స్పర్వే, ఎస్.డి. జయకర్ కలిసి తీతువు పిట్టల గూళ్లను కనిపెట్టారు. తీతువు చెట్టుపై గూడు కట్టదు, మండుటెండలో నేలమీదనే గుడ్లు పెడుతుంది. రొమ్ము ఈకలను నీటిలో తడిపి తెచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. పంచతంత్రంలో తన గుడ్ల కోసం సముద్రునితో తగవు పెట్టుకొన్న టిట్టిభం ఈ జాతి పక్షే. విష్ణుశర్మ కథకు తీసుకొన్న పిట్టను మన శాస్త్రజ్ఞులు ఎందుకు తీసుకోలేదన్న ప్రశ్న ఎవరికైనా తోచక మానదు.

హాల్డేన్ శిష్యులలో తెలుగువారు కూడ ఉన్నారు. పిఠాపురంలో 1937లో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయనకు ఉత్తరం వ్రాసి, కలకత్తా వెళ్లి శిష్యుడైనారు. లాంటానా పొదలలో వేరువేరు రంగుల పూలు పూస్తాయి. ఏ జాతి సీతాకోకచిలుక ఏ రంగు పూవుపై వాలుతుందో ఆయన ఓపికతో గమనించి, ఒక్కొక్క జాతికి ఒక్కొక్క రంగుపై మక్కువ ఉన్నదని నిరూపించారు. కొందరు పురుషులకు చెవి అంచున వెంట్రుకలు పెరగడం తండ్రి నుంచి కొడుకుకే సంక్రమించే లక్షణమా అని ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాలను పరిశీలించారు. ఆ లక్షణం వై క్రోమోజోముకు సంబంధించినదని అప్పట్లో భావించినా, 2004లో ప్రచురితమైన పరిశోధన దానిని సమర్థించలేదు. శాస్త్రంలో ఇటువంటివి సహజం. మేనరికాలను గురించి, మేనమామను వివాహమాడే ఆచారాన్ని గురించి హాల్డేన్‌కు గల ఆసక్తి కూడ ఆంధ్రదేశంలోని అధ్యయనాలకు దోహదం చేసింది. దగ్గరి బంధువుల మధ్య వివాహాలు తరతరాలుగా సాగిన సమాజం ప్రపంచంలో జన్యుశాస్త్రజ్ఞులకు అంత సులభంగా దొరకదు. మనకు అది పెళ్లిళ్ల పేరయ్య చెప్పే సంబంధం, ఆయనకు అది ఒక గణిత సమస్య. ద్రోణంరాజు తరువాత అమెరికాలో స్థిరపడి, గురువు జీవితంపై గ్రంథాలు వెలువరించి, 2020లో కన్నుమూశారు. గురువు లండన్ నుంచి ఇటు రావడం, శిష్యుడు ఇక్కడి నుంచి అటు పోవడం ఒక విచిత్రం.

ఇక్కడ అన్నీ ఆయనకు నచ్చాయనుకోకూడదు. ఆయన సులభకోపి. కచేరీలలో కాగితం ఒక బల్ల నుంచి మరొక బల్లకు చేరడానికి పట్టే కాలం, పై అధికారి ఎదుట చేతులు కట్టుకొని నిలబడే అలవాటు, పనికంటె పట్టాకు ఇచ్చే విలువ ఆయనకు గిట్టేవి కావు. పట్టా లేని తాను జన్యుశాస్త్ర ఆచార్యుడైనప్పుడు ఇతరులకు ఆ అడ్డం ఎందుకని ఆయన భావించి ఉండవచ్చు. 1961 జనవరిలో ఒక సంఘటన జరిగింది. అమెరికా నుంచి వచ్చిన విద్యార్థి శాస్త్రవేత్తలను ఆయన విందుకు పిలిచారు. అమెరికా అధికారులు ఆ విందును రద్దు చేశారు. అతిథులను రానీయకపోవడాన్ని అవమానంగా భావించిన హాల్డేన్ నిరసనగా నిరాహారదీక్ష పూనారు. గాంధీజీ దేశంలో ఆయన నేర్చుకొన్న ఆయుధమది. మరుసటి నెలలోనే అభిప్రాయభేదాల వల్ల ఇన్‌స్టిట్యూట్‌కు రాజీనామా ఇచ్చారు. అంతమాత్రాన దేశం విడిచిపోలేదు. అదే సంవత్సరం భారత పౌరసత్వం స్వీకరించారు.

ఆయనను ఒక అమెరికన్ రచయిత విశ్వపౌరుడని ప్రశంసించినప్పుడు ఆయన ఇచ్చిన సమాధానం గమనింపదగినది. పౌరుని ముఖ్య కర్తవ్యాలలో ప్రభుత్వానికి తలనొప్పిగా ఉండటం ఒకటని, ప్రపంచానికంతటికీ ఒకే ప్రభుత్వం లేదు కనుక విశ్వపౌరుడిగా ఆ కర్తవ్యం నెరవేర్చే వీలు లేదని, భారత ప్రభుత్వానికి మాత్రం తలనొప్పిగా ఉండగలనని, ఉంటున్నానని ఆయన భావం. విమర్శను సహించే గుణం ఈ ప్రభుత్వానికి ఉన్నదని మెచ్చుకొంటూనే, దానికి స్పందించడంలో ఆలస్యం చేస్తుందని చురక అంటించారు. ఐరోపాకంటె, ఇతర పెద్ద దేశాలకంటె ఎక్కువ వైవిధ్యం గల ఈ దేశానికి పౌరుడైనందుకు గర్విస్తున్నానన్నారు. కేవలం పొగిడే అతిథిని ఏ ఇంట్లోనైనా ఆదరిస్తారు. వంటలో ఉప్పు తక్కువైందని చెప్పే చనువు ఇంటివాడికే ఉంటుంది.

ఒరిస్సా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ ఆహ్వానంపై 1962లో హాల్డేన్ భువనేశ్వర్‌కు తరలివెళ్లి జన్యుశాస్త్ర, జీవగణిత ప్రయోగశాలను నెలకొల్పారు. కళింగ యుద్ధానంతరం అశోకుడు శాసనాలు చెక్కించిన ధౌళి కొండ ఆ ఊరికి చేరువలోనే ఉంది. కాని ఆ ప్రయోగశాలలో ఆయన పనిచేసిన కాలం స్వల్పం. 1963 చివర పేగు క్యాన్సరు బయటపడింది. లండన్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగింది. ఆ మంచంమీద పడుకొని తన వ్యాధిమీదనే హాస్యగీతం ఒకటి వ్రాసి 1964 ఫిబ్రవరిలో పత్రికలో ప్రకటించారు. లక్షణాలు కనిపించిన వెంటనే సంకోచించక వైద్యుని చూడమని చదువరులను హెచ్చరించడం ఆ గీతంలోని ఉద్దేశం. తన మరణవార్తను తానే చదివి బి.బి.సి.లో ముద్రింపజేశారు కూడ. లండన్‌లో బంధువులున్నారు, పేరున్నది, వైద్యమున్నది. అయినా ఆయన భువనేశ్వర్‌కే తిరిగివచ్చారు. 1964 డిసెంబరు 1న అక్కడే తుదిశ్వాస విడిచారు. హెలెన్ స్పర్వే ఆ తరువాత కూడ ఈ దేశంలోనే ఉండి, 1978లో మరణించారు.

బ్రతికినంతకాలం తన శరీరాన్ని ప్రయోగాలకు వాడుకొన్న హాల్డేన్, మరణానంతరం అది తనకు పనికిరాదు కనుక ఇతరులకు ఉపయోగపడాలని వీలునామాలో వ్రాశారు. దేహదానమంటే ఏమిటో సామాన్యులకు తెలియని రోజులవి. దహనమో, ఖననమో జరగకపోతే ఆత్మకు శాంతి ఉండదని నమ్మే సమాజంలో ఆయన తీసుకొన్న నిర్ణయమది. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ద్రోణంరాజు జన్మించిన పిఠాపురం అక్కడికి దగ్గరే. ఆక్స్‌ఫర్డులో పుట్టిన ఆ మనిషి అస్థిపంజరాన్ని, వైద్యవిద్య నేర్చే మన విద్యార్థుల కోసం, ఆ కళాశాలలోనే భద్రపరిచారు.