అమెరికాలో బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్: ఇంటర్ కాగానే వెళ్లాలా, రెండేళ్ల కాలేజీ మీదుగానా?

సైదాబాద్, సంతోష్‌నగర్, చంపాపేట పిల్లలకు బాస్కెట్‌బాల్ ఆడుకోవడానికి చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్ దగ్గర్లోనే ఉంది. జిల్లా, రాష్ట్ర జట్ల దాకా వెళ్లినవాళ్లకు సహజంగా వచ్చే సందేహం: ఈ ఆటతో అమెరికాలో స్కాలర్‌షిప్ మీద డిగ్రీ చదవొచ్చా? చదవొచ్చు. దారులు రెండు. ఇంటర్ పూర్తికాగానే నాలుగేళ్ల యూనివర్సిటీ జట్టులో చేరడం మొదటిది. ముందు రెండేళ్ల జూనియర్ కాలేజీలో ఆడి, తర్వాత యూనివర్సిటీకి మారడం రెండోది. అక్కడ జూకో అని పిలిచే ఈ కాలేజీలు ఇంటర్ తర్వాతి చదువుకే. ఈ రెండింట్లో మీకు ఏది సరిపోతుందో మీ మార్కులు, మీ వయసు చెబుతాయి.

కోచ్ లెక్క

హైస్కూల్ (మన లెక్కలో ఇంటర్) నుంచి నేరుగా వచ్చే ఆటగాడిలో కోచ్ చూసేది రేపటి ఆట. ఎత్తు, చేతుల పొడవు, చెప్పింది పట్టుకునే వేగం బాగుంటే ఒకట్రెండేళ్లు బెంచ్ మీద ఉంచి తయారు చేసుకుంటాడు. జూకో ఆటగాడి విషయంలో ‘ఈ సీజన్‌లోనే పనికొస్తాడా?’ అనేదే ప్రశ్న. అతనికి ఒళ్లు గట్టిపడి ఉంటుంది, కాలేజీ మ్యాచ్‌ల వీడియోలు చేతిలో ఉంటాయి. కాకపోతే ఆడటానికి మిగిలేది రెండు మూడేళ్లే. కొత్త జట్టులో కుదురుకోవడానికి ఎక్కువ సమయం ఇవ్వరు.

ఇప్పుడు ఈ ఇద్దరికీ పోటీ పెరిగింది. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్లు ఉండే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018లో వచ్చింది. 2021 నుంచి కాలేజీ మారినా ఏడాది ఖాళీగా కూర్చోకుండా ఆడే వీలు కలిగింది. దాంతో అనుభవం ఉన్న ఆటగాళ్లు యూనివర్సిటీల నుంచే దొరుకుతున్నారు. చాలా జట్లలో 15 మందికి మించి ఉండకూడదన్న పరిమితి 2025-26లో మొదలైంది. హైస్కూల్ పిల్లలకు సీటు దొరకడం కష్టమైంది.

జూకో అంటే చిన్నచూపు మాత్రం వద్దు. హైస్కూల్ అయ్యేసరికి పెద్ద యూనివర్సిటీలు అంతగా పట్టించుకోని జిమ్మీ బట్లర్ టెక్సాస్‌లోని టైలర్ జూనియర్ కాలేజీలో ఆడి, మార్కెట్ యూనివర్సిటీకి వెళ్లి, 2011 డ్రాఫ్ట్‌లో (ఆటగాళ్ల ఎంపికలో) 30వ పిక్‌గా ఎన్‌బీఏలో అడుగుపెట్టాడు. ఇక పంజాబ్ కుర్రాడు సత్నాం సింగ్ అయితే అసలు కాలేజీలో ఆడకుండానే 2015లో 52వ పిక్‌గా ఎన్‌బీఏ జట్టు డల్లాస్‌కు ఎంపికయ్యాడు. ఏడడుగులు దాటిన ఎత్తున్న అతని దారిని అందరూ లెక్కలోకి తీసుకోలేరు.

తొమ్మిదో తరగతి నుంచే లెక్క

అమెరికా యూనివర్సిటీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. అందులో పై స్థాయి అయిన డివిజన్-1లో నేరుగా ఆడాలంటే 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా 16 కోర్ కోర్సులు ఉండాలి. వాటిలో ఇంగ్లిష్ నాలుగేళ్లు, మ్యాథ్స్ మూడేళ్లు, సైన్స్ రెండేళ్లు, సోషల్ రెండేళ్లు తప్పనిసరి. వీటిలో జీపీఏ 4కు 2.3 కంటే తగ్గకూడదు. పది కోర్సులు ఇంటర్ సెకండియర్ మొదలయ్యేలోపే పూర్తి కావాలి. ఎంపీసీలో సోషల్ ఉండదు కాబట్టి 9, 10 తరగతుల్లో చదివిందే లెక్కకొస్తుంది. టెన్త్ మెమోను లామినేషన్ చేయించి దాచే ఇళ్లలో కూడా తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు కనిపించదు. అక్కడ అదీ అడుగుతారు.

ఈ అర్హత రానివారికి జూకో అసలైన రెండో అవకాశం. అయితే అక్కడి రెండేళ్ల డిగ్రీ పూర్తి చేయాలి, యూనివర్సిటీ ఒప్పుకునే 48 క్రెడిట్లు తెచ్చుకోవాలి, జీపీఏ 2.5 ఉండాలి. ఏ సబ్జెక్టు క్రెడిట్లు చెల్లుతాయో మొదటి సెమిస్టర్‌లోనే అడిగి తెలుసుకోండి.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

డివిజన్-1లో చాలాకాలంగా ఉన్న సూత్రం ఐదేళ్లలో నాలుగు సీజన్లు. ఏ కాలేజీలో ఫుల్‌టైమ్ చేరినా ఆ రోజు నుంచే ఈ ఐదేళ్లు నడుస్తాయి. ‘ఇక్కడ బీకాంలో చేరి ఏడాది తర్వాత చూద్దాం’ అనుకుంటే ఆ ఏడాది పోయినట్టే. జూకోలో ఆడిన సీజన్లూ ఇందులో భాగమే. దీనిపై అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డియెగో పావియాకు అనుకూలంగా 2024 డిసెంబరులో కోర్టు ఉత్తర్వు వచ్చాక నిబంధనలు మారుతూనే ఉన్నాయి. చేరే ముందు ఎన్‌సీఏఏ అధికారిక వెబ్‌సైట్ చూసుకోవాలి.

డబ్బు సంగతి

జూకోలకు డివిజన్లు వేరుగా ఉంటాయి. వాటిలో డివిజన్-1 కాలేజీలు పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వగలవు. డివిజన్-2 ట్యూషన్ ఫీజు, పుస్తకాల వరకే. డివిజన్-3లో ఆట పేరిట పైసా రాదు. లక్షలు కడితే సీటు ఇప్పిస్తామనే మధ్యవర్తుల్ని నమ్మకుండా వీడియో, మార్కుల వివరాలతో కోచ్‌కే మెయిల్ రాయండి. స్కాలర్‌షిప్ ఎన్నేళ్లకు, గాయమైతే ఉంటుందా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి.

ఎవరికి ఏది?

మార్కులు బాగుండి, వయసుకు మించిన ఆట ఉంటే నేరుగా ప్రయత్నించండి. ఎన్‌సీఏఏ డివిజన్-2 కాలేజీలనూ, ఎన్ఏఐఏ అనే మరో సంఘంలోని కాలేజీలనూ వదలొద్దు. ఆట ఆలస్యంగా మొదలుపెట్టినవారికి, మార్కులు తగ్గినవారికి జూకో మేలు. రెండూ కుదరకపోతే ఇక్కడే ప్రొఫెషనల్ కోర్సుల్లో, రైల్వేల్లో స్పోర్ట్స్ కోటా ఉంది. అందుకు జిల్లా, రాష్ట్ర, ఎస్‌జీఎఫ్ పోటీల సర్టిఫికెట్లు ఒరిజినల్స్ కావాలి. ఈ వారమే వాటిని, 9వ తరగతి మార్కులను ఒకే ఫైల్లో పెట్టండి. ఏ దారిలో వెళ్లినా మొదట అడిగేది ఆ ఫైలే.